మరియమ్మ తాగిన తులసినీళ్ళు

"తులసి ఏసినావా?" అన్నాడు మా ఆయన, ఆసుపత్రి మంచం మీంచి, నా చేతిలో లోటా చూసి.

"ఏసినా. ముందు నేను తాగినా, సూడు" అన్నాను.

నోరు తెరిచాడు. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. ఆ ఇత్తడి లోటా ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. ఎంత తోమినా తులసి వాసన పోదు. అది నన్ను చిన్నప్పటి తొండియార్‌పేట ఇంటికి ఈడ్చుకుపోతోంది.

అది ఆడి నెల, అమ్మవారి జాతర్ల నెల. వీధి చివర అమ్మవారి గుడి దగ్గర అండాల్లో రాగి కూళు, అందరికీ పోసే అంబలి, ఉడుకుతుంటే, ఆ ఆవిరి, వేపమండల చేదు, ఎండుచేపల కవురు అన్నీ కలిసి మా ఒంటిగది ఇంట్లోకి కొడుతుంటే, మేం పిల్లలం తొక్కుడుబిళ్ళ ఆట కూడా మానేసి గడప దగ్గర నక్కి కూర్చునేవాళ్ళం. లోపల మా తాత, హార్బరులో మూటలు మోసిన మనిషి, కడుపులో గడ్డతో చిక్కి చాపకు అతుక్కుపోయాడు. పోయే ప్రాణానికి తులసినీళ్ళు పొయ్యకపోతే గతులుండవని అవ్వ ఈ లోటా నింపి తలాపునే పెట్టింది. తాత చూశాడు. అంతే, పళ్ళు బిగించాడు. గంజి పట్టినా, మందు పట్టినా అందులో ఆ నీళ్ళు కలిపారేమోనని నోరు తెరవడు. అవ్వ ఏడుస్తూ చెంచాతో పళ్ళసందు తెరవబోతే తాత కళ్ళు మావైపు తిరిగేవి.

ఆ సాయంత్రం పక్కవీధి మరియమ్మ వచ్చింది. ఎవరింట్లో జబ్బు ముదిరినా వెళ్ళి ప్రార్థన చేసే మనిషి. ఈ ఇంట్లో యేసు పేరు ఎత్తొద్దని అవ్వ గడపకు అడ్డం నిలబడింది. ఎత్తనులే అని మరియమ్మ లోపలికొచ్చి, తాత చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత లోటా ఎత్తి, ఎంగిలి కాకుండా ఒక గుక్క గొంతులో పోసుకుంది.

తాత ఆమెనే చూశాడు. "ఇంకా బతికే ఉండావా, మరియమ్మా?"

"మీ యముడి కాడ నా పేరు లేదులే మామా. గంజి తాగు."

తాత పెదాలు వణికాయి, నవ్వే అనుకుంటా. గంజి తాగాడు. పోయేనాడు ఆ నీళ్ళు తనే అడిగాడు.

ఇప్పుడు ఆ ఇళ్ళ వరస లేదు, మరియమ్మా లేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళంతా ఏం కాదులే అని చెప్పి వెళ్ళారు గానీ, ఆయన భయం పక్కన కూర్చున్నవాళ్ళు లేరు. నాకు ప్రార్థనలు రావు. ఆ ఒక్క గుక్కే వచ్చు.

రేవతీ, నా చెల్లెలి బిడ్డవు, నేను చెప్తా ఉంటే నువ్వు రాసేది నాకు చదవను రాదు. ఆయన నోరు తెరిచినాడని రాసినావు గదా? ఆడ చదువు, ఇంటా.