మూడో తీగ

అరసవల్లిలో కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో వంటగది స్విచ్‌బోర్డు వదులుగా ఊగుతుంటే, మెయిను ఆపి మరలు విప్పి చూశాను. పైకి మూడు కన్నాలున్నాయి గానీ వెనక నుంచి వచ్చినవి రెండే తీగలు. ఎర్తు కన్నానికి ఏదీ కలపలేదు. ఇంటి యజమానికి చెబితే, “ఇన్నేళ్లూ అందరూ అలాగే ఉన్నారు గదా బాబూ, మీకొక్కరికే ఏటొచ్చింది?” అన్నాడు.

ఇలాంటి మాట నాకు కొత్త కాదు. చదువు ఆపేసి, కొత్తవలస స్టేషను దగ్గర మా ఇడ్లీ హోటల్లో గల్లా ముందు కూర్చున్న రోజుల్లో, పిండి రుబ్బే గ్రైండరు కొన్నాం. దాని ప్లగ్గు మా రెండు కన్నాల బోర్డులో పట్టలేదు. మా చిన్నాన్న పటకారుతో మూడో పిన్ను విరిచేసి, “ఒక తీగలో వస్తాది, ఒక తీగలో పోతాది, ఇంక మూడోదానికి పనేటిరా?” అని నవ్వాడు.

కొన్నాళ్లకు గ్రైండరు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనడం మొదలైంది. ‘ఎర్తు కొడతంది’ అనేవాళ్లం, కాపాడవలసిన తీగ పేరే ఆ షాకుకు పెట్టి. భయపడకపోగా అలవాటు పడ్డాం. దాని ముందు చెక్కపీట వేసి, పక్కన ఒక జత రబ్బరు చెప్పులు ఉంచాం. పిండి తీసేవాళ్లు అవి వేసుకోవడం ఇంటి ఆచారమైపోయింది. “ఇది రోజూ నన్ను పలకరిస్తాది, మీ నాన్నకంటే నయమే” అనేది అమ్మ. నాన్నతో సహా అందరం నవ్వేవాళ్లం.

ఒక వాన ఉదయం ఆ చెప్పులు వేసుకుని చిన్నాన్న పాలకు వెళ్లాడు. కడగడానికి పీట బయట పెట్టి ఉంది. ఇడ్లీకి జనం వచ్చేస్తున్నారని అమ్మ తడి కాళ్లతోనే పిండి తీయబోయింది. మరి లేవలేదు.

“వదినకి ఆయువు తీరిపోనాది” అన్నాడు చిన్నాన్న. వచ్చినవాళ్లంతా తలలూపారు.

నాకు కరెంటు లెక్క నేర్పినవాళ్లు లేరు. తర్వాత పాత పుస్తకాలు తిరగేసి నేనే నేర్చుకున్నాను. ఒక తీగలో వెళ్లినంతా రెండోదాంట్లో తిరిగి రావాలి. తేడా వస్తే ఆ శేషం ఎలాగో నేలకు చేరుతుంది. దానికి మనం వేసి ఉంచే దారి ఎర్తు. వేయకపోతే, ముట్టుకున్న మనిషే దారి.

ఇప్పుడు ఏ ఇంట చూసినా తెల్లటి బోర్డులు, వాటికి మూడేసి కన్నాలు. మా రోజుల్లో మూడోది లేదని కంటికి తెలిసేది, కనీసం పీట వేసుకునేవాళ్లం. ఇప్పుడు అదీ వేసుకోవడం లేదు.