గంట నాలుక

గంటలమ్మ సాధించిన మొదటి గెలుపు ప్రార్థనామందిరం గంట. రెండుసార్లు పోత చెడింది. మూడోసారి కంచు కుదిరింది. గంట పలికిన మొదటి పలుకుకి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. ఆడదానికి కొలిమెందుకన్న మామగారే ఆ రోజు తన సుత్తి తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. ఆ తరవాత బడిగంటలూ, ఓడరేవు గంటా, రైలు స్టేషను గంటా అన్నీ ఆమె చేతిలోనే పుట్టాయి. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. చెప్పుకోవడానికి సిగ్గుపడే రకం కాదు.

అంతటి మనిషీ, ఒక్కగానొక్క కూతురు జ్వరంతో మంచం పట్టినప్పుడు మందిరం గంట కిందే కూలబడి దేవుణ్ణి పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. మార్చి తొమ్మిదిన పిల్ల పోయింది.

ఏడవలేదు. దేవుడి మీద పగ పట్టింది.

వానలు మొదలవుతుండగా, మందిరంలో గంట కొట్టే మరిది కబురు తెచ్చాడు. గంట లోపల వేలాడే ఇనుప నాలుక అరిగిపోయిందట, కొత్తది కావాలట. ఆ నాలుక గంట కన్నా మెత్తగా ఉండాలి. అరిగితే నాలుకే అరగాలి, గంట దెబ్బతినకూడదు. సుత్తి చేతికిచ్చాక మామగారు నేర్పిన మొదటి పాఠం అదే. గంటలమ్మ కావాలనే ఆ పాఠం తప్పింది. ఉక్కు తెచ్చి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, రాయిలా చేసి పంపింది. కొట్టగా కొట్టగా గంట పగలాలి. ఆ దేవుణ్ణి పిలిచే గొంతే లేకుండా పోవాలి.

రోజూ గుమ్మంలో నిలబడి ఆ దెబ్బలు వింటూ కడుపు చల్లబరుచుకునేది.

చలికాలంలో మరిది మళ్లీ వచ్చాడు.

"వదినా, గంట మోగడం లేదు, మొత్తుకుంటోంది. ఏం చేశావు దానికి?"

"దానికి కాదు. మీ దేవుడికి చేశాను."

"ఆయనకేం? గంట పుట్టకముందూ ఉన్నాడు, పగిలాకా ఉంటాడు. నిన్నా రేపూ అన్న లెక్కే లేనివాడితో పంతమేంటి? నువ్వే ముసలిదానివైపోతావు. అయ్యావు కూడా."

"ముందు నీ బట్టతల చూసుకో."

మాటైతే విసిరింది గానీ కాళ్లు ఇంట్లో నిలవలేదు. మందిరం మెట్లెక్కి గంట అంచు తడిమింది. దెబ్బ పడే చోట కంచు గుంటపడింది. గుంట పక్కన వెంట్రుకంత గీత వేలికి తగిలింది. తన మొదటి గంట! ఆ దేవుడి ఒంటి మీద గాటైనా పడలేదు. పడిందంతా తన కష్టం మీదే. ఒళ్లు భగ్గుమంది. ఉక్కు నాలుకని ఊడబెరికి గోనెసంచిలో వేసుకుంది.

"ఆయన్ని క్షమించేశావా వదినా?" వెనకే వచ్చిన మరిది ఆశగా అడిగాడు.

"క్షమించడమా! నా గంటని అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాడు. మెత్త ఇనుము కోసం పై ఊరు పోతున్నా. అందాకా ఇది మూగది. నేను పిలిచినప్పుడు ఆయనా ఇలాగే ఉన్నాడు. ఎలా ఉంటుందో చూడమను."

"మరి ఎప్పుడొస్తావు? జనం నన్ను పీక్కుతింటారు."

"వచ్చి మొదటి దెబ్బ నేనే కొడతా. ఆయనకి రోజుల లెక్క లేదన్నావుగా, ఒక్క రోజైనా గుర్తుండేలా కొడతా."

సుద్దముక్క తీసి మందిరం తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసింది: మార్చి తొమ్మిది.