బూడిదలో అడుగులు

నా చిన్నప్పుడు తొండుపల్లి దగ్గరి మా చేను నడుమ ఒక బండల గుట్ట ఉండేది. దాని నిండా సీతాఫలం, తంగేడు పొదలు. చేను పక్కనే మా ఇల్లు. మా మేనత్త కోళ్లను పెంచేది. పొద్దుగూకాక గూటికి గొళ్లెం పెట్టడం నా పని. ఒకనాడు ఆటలో పడి పెట్టలేదు. తెల్లారేసరికి పొదిగే కోడి లేదు. గుడ్లు చల్లబడి ఉన్నాయి. ఈకలు గుట్ట దాకా రాలి ఉన్నాయి.

నా తప్పు బయటపడకముందే దొంగను చూపించాలనుకున్నాను. ఇది నక్క పనేనని, గుట్ట మీది పొదలు తగలబెడితే పీడ పోతుందని అందరికంటే గట్టిగా అన్నది నేనే. ఎండాకాలంలో పొదలు కాల్చడం మా వైపు మామూలే కాబట్టి నాన్న కూడా సరేనన్నాడు. అత్త మాత్రం ఒక్క రోజు ఆగమంది.

ఆ సాయంత్రం ఆమె పొయ్యి బూడిదను జల్లెడ పట్టి బండల సందుల్లోనూ, గూటి ముందూ, పక్క చేని గట్టు మీదా పలచగా చల్లింది. గొళ్లెం తానే పెట్టింది. పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. గోళ్ల గుర్తులున్నవి నక్కవట. గోళ్లు పడని గుండ్రటివి అడవిపిల్లివి. బండ కింది చిన్నవి ముంగిసవి. సీతాఫలం పొద దగ్గరివి పునుగుపిల్లివి. ఒక్క గుట్టలో ఇన్ని కాపురాలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

“ఇందుల దొంగ ఏదో నువ్వే చూపెట్టు,” అంది. నక్క అడుగు చూపించాను.

“నక్క మీద నీకేంది పగ?” అని నవ్వి, పక్క చేని గట్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ చేనంతా చదునుగా దున్నిన నేల. బూడిద నిండా ఎలుకల అడుగులే.

“గుట్టల నీడుంది, సందులున్నయి, వానకు జర నీళ్లు నిలుస్తయి. ఎలుక, తొండ, పండు అన్నీ ఉన్నయి. గందుకే తినేటియి గూడ ఇన్ని తీర్లున్నయి. కాలబెడితే మనకు గూడ ఎలుకలే మిగుల్తయి బిడ్డా.”

చివరికి గూటి దగ్గరికి వచ్చాం. అడవిపిల్లి గుండ్రటి అడుగులు తలుపు దాకా వచ్చి, ఒక చుట్టు తిరిగి, వెనక్కి పోయాయి.

“వచ్చినది వచ్చినట్టే పోయింది. మొన్న గొళ్లెం ఎవరు పెట్టాలె?”

ఇంట్లోకి వెళ్లి, గొళ్లెం పెట్టనిది నేనేనని నాన్నకే చెప్పాను. ఆయన పొదలకని తెచ్చిన అగ్గిపెట్టెతో బీడీ ముట్టించుకున్నాడు.

లోకంలో ఎక్కడ చూసినా ఇంతేనని, నేలలో తిండి, నీరు, దాగే చోటు ఎన్ని తీర్లుంటే వేటాడి బతికే జంతువులు కూడా దాదాపు అన్ని తీర్లుంటాయని తర్వాత చదివాను. చదివి కూడా, డబ్బు అవసరమని సగం గుట్టను కంకరకు అమ్ముకున్నాను. ఆ వైపు ఇప్పుడు ఏ అడుగూ పడదు. అందుకు ఇంకెవరి పేరూ చెప్పను.

మిగిలిన సగాన్ని చదును చేస్తే ప్లాట్లు పడతాయని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. దగ్గర్లో కొత్తగా వచ్చిన విమానాశ్రయం నుంచి లేచే విమానం మోత తగ్గేదాకా ఆగి, “ఇయ్య” అంటాను. పోయిన సగం నా చేతుల మీదుగానే పోయింది. ఈ సగాన్ని పోనివ్వను.