కడగకూడని టబ్బు

మా అక్క ఆసుపత్రిలో నలభై ఏళ్ళు నేల కడిగింది. వార్డు ఆయాగా చేరింది, వార్డు ఆయాగానే దిగిపోయింది. ఆఖరి రోజున తన బకెట్టు అప్పజెప్పడానికి సామాన్ల గదిలోకి వెళితే, పాత గుడ్డల మధ్య అరచేతిలో పట్టేంత పిల్లిపిల్ల కనిపించిందట. తల్లి జాడ లేదు. దాన్ని సంచిలో వేసుకుని, ఒక రేకుపెట్టె, ఐదు లీటర్ల ఫినాయిల్ డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన గది ఖాళీ చేయాలి గనక ఆమెకు వేరే చోటు లేదు. నాకేమో వేరే గది లేదు.

ముందే చెప్పేస్తున్నాను, పిల్లులంటే నాకు గిట్టదు. మా అక్కతోనూ నాకు పెద్దగా పడదు. ఉన్నదున్నట్టు మొహాన అనేయడం నా అలవాటు. బట్ట బిగుతైందని ఎవరైనా గొడవకొస్తే, బట్ట తగ్గలేదమ్మా, నువ్వు పెరిగావని చెబుతాను. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా అబద్ధం ఆడాల్సిన అవసరం నాకు ఏనాడూ రాలేదు.

నేను దర్జీని. కోర్టు మాకు రెండు వీధుల అవతల ఉంది గనక ఎక్కువగా లాయర్ల నల్లకోట్లు, గౌన్లు కుడతాను. ముందు గదిలో మిషను, కత్తిరించే బల్ల, బల్ల కింద బట్టముక్కల గోనె. వెనక గదిలో వంట, పడక. ఆ వెనక రేకుల వసారా. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి ఈ రెండు గదుల్లో నా మాటకు ఎదురన్నది లేదు.

"సంచిలో ఏంటది, కదులుతోంది?" అన్నాను.

"చంటిది. ఓ మూలన పడుంటుంది, నీకేం అడ్డం రాదులే."

"ఫోన్లో నీ గురించీ అదే మాటన్నావు. నా ఇంట్లో ఎన్ని మూలలున్నాయనుకున్నావక్కా?"

అక్క సంచి దించి, చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, అప్పుడు పిల్లను బయటికి తీసింది. దేన్ని ముట్టుకోబోయినా ముందు చేతులు వాసన చూసుకోవడం ఆమె అలవాటు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టీ చేసినా అంతే, గ్లాసు బల్ల చివర పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తుంది. చేతికివ్వదు.

మొదటి రెండు రోజులు వసారాలో పాత పేపర్లు పరిచింది. ఆమెకు చంటిది, నాకు దయ్యం అయిన ఆ పిల్లిపిల్ల పేపర్ల మీద హాయిగా నిద్రపోయి, పని మాత్రం నా చెప్పుల పక్కన కానిచ్చింది. మూడో రోజు అక్క పాత ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసి, పిల్ల ఎక్కడానికి వీలుగా ఒక పక్క అంచు కోసింది. దేంతో కోసిందనుకున్నారు? నా బట్ట కత్తెరతో. దర్జీ ఇంట్లో ఆ కత్తెరను కాగితానికి కూడా తాకనివ్వరు. పదకొండేళ్ళుగా నేను తప్ప ఇంకెవరూ పట్టుకోని కత్తెర అది.

"కత్తెరేగా," అంది.

"మీ ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తితో ఉల్లిపాయలు తరుగుతారా?"

"పదును పోతే పెట్టించుకోవచ్చు. దానికింత రాద్ధాంతం చేయాలా?"

చేశాను. అరగంట సేపు చేశాను. అంతా విని, వీధి చివర ఇల్లు కడుతున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళి, జల్లెడ పట్టిన సన్న ఇసుక సంచెడు తెచ్చి టబ్బులో పోసింది. నా మాట చెవిన పెడితే కదా.

ఇసుక దయ్యానికి నచ్చింది. దిగింది, ముందు కాళ్ళతో గోకింది, పని కానిచ్చింది, బుద్ధిగా కప్పెట్టింది. అక్క మొహం చాటంతయింది. వెంటనే ఇసుకంతా పారబోసి, టబ్బును ఫినాయిల్‌తో మూడుసార్లు తోమి, ఎండబెట్టి, కొత్త ఇసుక పోసి, ఆ ఇసుక మీద కూడా నాలుగు చుక్కలు చిలకరించింది. సాయంత్రం పిల్ల వచ్చి టబ్బులో ముక్కు పెట్టి, తల విదిలించి, తిన్నగా ముందు గదిలోకి నడిచి నా బట్టముక్కల గోనెలో దిగింది. నాకు అప్పుడే తట్టాల్సింది. ఎంతసేపూ తిట్టడంలోనే ఉండటం వల్ల తట్టలేదు.

"శుభ్రం చాలినట్టు లేదు. పిల్లులకు శుభ్రం ఎక్కువ," అంది అక్క.

ఆమెకు తెలిసిన మందు ఒక్కటే. పిల్లి పోసిన చోటికీ ఫినాయిలే, పోయాల్సిన చోటికీ ఫినాయిలే. వారం తిరిగేసరికి ఇల్లు కాన్పుల వార్డులా తయారైంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరికి బాగాలేదని అడగడం మొదలుపెట్టారు. పైగా ఆ దయ్యం అక్క చేతికి చిక్కేది కాదు. పాలు పెట్టేది ఆమె, ఇసుక మోసేది ఆమె. అదేమో ఆమె చెయ్యి చాస్తే చాలు తప్పుకుని వచ్చి, మిషను తొక్కే నా పాదాల మీద పడుకునేది. తన్నబోయేదాన్ని. మళ్ళీ వచ్చేది.

"నిన్నెందుకు పట్టుకుని వేలాడుతుందో," అంది అక్క ఒకరోజు. గొంతు మామూలుగానే ఉంది గానీ ఆమెకు ఏడుపొచ్చిందని నాకు తెలిసింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పద్దెనిమిది. నన్ను సాకడానికే ఆమె ఆసుపత్రిలో చేరింది. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్ది, నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. ఒకరోజు ఆమె చెయ్యి తోసేసి, "నువ్వు వెయ్యొద్దు, తలంతా ఆసుపత్రి కంపు. పక్కింటామె చేత వేయించుకుంటా," అన్నాను. అప్పుడూ ఉన్నదున్నట్టే అన్నాను. ఆ తర్వాత అక్క నా తల ముట్టుకోలేదు. నన్ను టైలరింగులో చేర్పించింది, పెళ్ళి చేసింది, మా ఆయన పోయినప్పుడు నెలరోజులు వచ్చి వండి పెట్టింది. అన్నీ రెండడుగుల దూరంలోంచి చేసింది. తాను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఇంక గౌను సంగతి. ఒక లావుపాటి లాయరుగారికి కొత్త గౌను కుట్టి బల్లకు వేలాడదీశాను. దాని అంచు గోనెలోకి జారిందని నేను చూసుకోలేదు. నల్లబట్ట గనక మచ్చ కనిపించలేదు. ఇల్లంతా ఫినాయిల్ గనక వాసనా తెలియలేదు. నీటుగా మడతపెట్టి ఇచ్చేశాను. సోమవారం సాయంత్రం ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"ఏమ్మా, నేను నీకేం అన్యాయం చేశాను?"

"ఏమైంది సార్?"

"ఫ్యాను కింద నిలబడి వాదన మొదలుపెట్టాను. జడ్జిగారు రెండుసార్లు కిటికీలు తెరిపించారు. మూడోసారి నన్నే తలుపు దగ్గర నిలబడి వాదించమన్నారు. నా కక్షిదారు కూడా అవతలి వాళ్ళ వైపు జరిగి కూర్చున్నాడు."

నేను నేల చూపులు చూశాను. గౌను బల్ల మీద పడేసి, ఇక నుంచి వేరే దర్జీని చూసుకుంటానని, మిగతా లాయర్లకూ చెబుతానని ఆయన వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళ పేరు. చెంచాడు ఉచ్చతో పోయింది.

లోపలికి వెళ్ళి తాడోపేడో తేల్చేశాను.

"శనివారం సాయంత్రం దాకా చూస్తాను. ఆ లోపల అది టబ్బులో పోయడం నేర్చుకుంటే సరి. లేదంటే మార్కెట్లో వదిలేసి వస్తా."

"దాన్ని వదిలితే నన్నూ వదిలినట్టే," అంది అక్క. "ఆసుపత్రి వెనక వృద్ధుల ఇల్లుంది. అక్కడి మేట్రన్ నాకు తెలిసినామే. వాకిట్లో పిల్లినుంచుకుంటే ఏమీ అనదు."

"వెళ్ళు. ఎవరు పట్టుకున్నారు నిన్ను?"

బెదిరిస్తోందనుకున్నాను. మంగళవారం పొద్దున్నే రేకుపెట్టె తలుపు పక్కకు చేరింది, బట్టలన్నీ మడతలు పెట్టి.

ఆ రోజంతా ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ కడిగిందే కడిగింది. బుధవారం తను కడిగిన నేల మీద తనే జారింది. కుడి మణికట్టు బెణికింది. కట్టు కట్టించుకుని వచ్చింది. వారం దాకా ఆ చెయ్యి తడపకూడదట.

"ఒక్కసారి ఆ టబ్బు కడిగిపెట్టవే," అని నన్ను అడిగింది. నన్ను ఆమె ఏదైనా అడగడం నాకు గుర్తున్నంత వరకు అదే మొదటిసారి.

"నేనా? చచ్చినా ముట్టుకోను."

అలా బుధ, గురువారాలు ఆ టబ్బు ఎవరూ కడగలేదు. నేల కూడా అలాగే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కోవడానికి వసారాలోకి వెళితే దయ్యం టబ్బులో ఉంది. నన్ను చూసి కూడా లేవలేదు. పని ముగించి, ఇసుక కప్పి, వాసన చూసుకుని, మళ్ళీ కప్పి దిగింది. నేను ఇసుక కెలికి చూశాను. అంతకుముందువీ ఉన్నాయి. వెళ్ళి గోనెలో చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు.

అక్క లోపల పడుకుని ఉంది. ఆమెకు ఈ సంగతి తెలియదు. నేను నోరు మూసుకుంటే రేపు సాయంత్రానికి పిల్లీ పోతుంది, అక్కా పోతుంది, నా ఇల్లు నాకు మిగులుతుంది. ఒక్క మాట అనాల్సిన పని కూడా లేదు. మిషను ముందు కూర్చుని ఐదింటి దాకా ఆ ఆలోచనతోనే ఉన్నాను. ఒక చొక్కాకు కాలరు తిరగేసి కుట్టాను.

ఐదింటికి అక్క లేచి, ఎడమచేత్తో ఫినాయిల్ డబ్బా ఈడ్చుకుంటూ వసారాలోకి నడిచింది.

"రేపటితో గడువు కదా. ఆఖరుసారి బాగా కడిగి చూస్తా," అంది.

"ఆ టబ్బు ముట్టుకోకు."

"ఏం?"

"నిన్నా ఇవాళా అది టబ్బులోనే పోసింది. నువ్వు కడగలేదు గనక పోసింది. దాని వాసన దానికి తగలాలి. నువ్వు కడిగి పారేస్తే అది ఆ ఛాయలకే రాదు. దానికి పడనిది నీ ఫినాయిలే."

అక్క డబ్బా కింద పెట్టింది. "అయితే ఇదంతా నా వల్లే."

"నీ వల్లే."

"నా దగ్గరికి రానిదీ అందుకే."

"అందుకే."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది.

"దానికి నోరు లేదు గనక గోనెలో పోసి చెప్పింది. నువ్వు తొమ్మిదేళ్ళకే నోటితో చెప్పావు. మరి దాన్నెందుకే తిడతావు?"

"అప్పుడు నేను చిన్నపిల్లని."

"ఇప్పుడు కాదుగా. పదిహేను రోజులుగా టీ గ్లాసు బల్ల చివర పెట్టి పోతున్నాను. చేతికియ్యక్కా అని ఒక్కసారన్నావా?"

అనలేదు. నోటికేదొస్తే అది అనే నాకు ఆ ఒక్క మాటే రాలేదు. రాత్రికి వంట నువ్వు చేస్తావా నేను చేయాలా అని కసిరాను.

శనివారం పొద్దున ఫినాయిల్ డబ్బాను చెత్తబండికి ఇచ్చేశాను. అక్క వద్దనలేదు. ఎడమచేత్తో పాత ఇసుక ఎత్తి పారబోసి, కొత్తది పోసింది. ఒక గుప్పెడు పాతది మాత్రం అడుగున వదలమన్నాను. ఆ గుప్పెడు వదలడానికి ఆమెకు చెయ్యి రాలేదు. రెండుసార్లు తీసింది, రెండుసార్లూ నేను తిట్టాక మళ్ళీ వేసింది.

"నలభై ఏళ్ళలో ఒక్క మూల కూడా మురికి వదిలి రాలేదు నేను," అంది.

"వదులు. చచ్చిపోవులే."

ఇద్దరం వసారాలో కూర్చున్నాం. రేకుపెట్టె ఇంకా తలుపు పక్కనే ఉంది. పదింటికి చంటిది నిద్రలేచి, ఒళ్ళు విరుచుకుని, ముందు గది వైపు నడిచింది. అక్క కళ్ళు మూసుకుంది. అది గోనె దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి, టబ్బు అంచు దాటి దిగింది. ఆ మూలా ఈ మూలా వాసన చూసింది. గుప్పెడు పాత ఇసుక ఉన్న చోట ఆగి గోకడం మొదలుపెట్టింది.

పని కాగానే తిన్నగా వచ్చి అక్క ఒళ్ళోకి ఎక్కింది. అక్క రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది, ఎక్కడ తగులుతాయో అన్నట్టు.

"ముట్టుకో," అన్నాను.

"వాసన."

"రావట్లేదు."

"నువ్వెప్పుడు చూశావు?"

ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి జరిగి, ఆమె ఎడమ చెయ్యి లాక్కుని, అరచేతిలో ముక్కు పెట్టాను. వచ్చింది. నలభై ఏళ్ళది, మూడు రోజుల్లో ఎక్కడికి పోతుంది? గోళ్ళ చుట్టూ, గీతల మధ్య అంతా అదే వాసన, నాకు జడ వేసిన నాటిదే.

"రావట్లేదక్కా," అన్నాను.

"అబద్ధాలెప్పుడు నేర్చుకున్నావే?" అంది అక్క. నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని, చంటిదాని వీపు మీద పెట్టింది. అది ఒకసారి తుమ్మింది గానీ లేవలేదు.