బోండాం కొట్టించుకొచ్చేలోపు

వీధిలో కొబ్బరిబోండాం మీద కత్తి పడిన చప్పుడు వినిపిస్తే, ఈ వయసులోనూ నా నడుం నిటారుగా అవుతుంది. ఫాతిమా మేడం నన్ను పిలిచినట్టే ఉంటుంది.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర, ఓడరేవు దగ్గరి ఆసుపత్రిలో నేను హౌస్ సర్జన్‌ని, ఆవిడ క్యాజువాల్టీ డాక్టరు. వన్ టౌన్ అత్తరు వ్యాపారుల ఇంటి ఆడపడుచు. తాతగారి జమీందారీ పోయినా చొక్కా మడత నలగనివ్వని నన్ను "రాజావారూ" అనేవారు. ఆ మాట మరొకరంటే ఊరుకునేవాణ్ని కాదు. కడుపునొప్పి అనో, మూత్రంలో మంట అనో వచ్చిన ఈడు పిల్లలందరినీ సుఖవ్యాధుల సంగతి అడిగేవారు. ముఖం చూసి ఎవరినీ వదిలేవారు కాదు. ముందుగా మాత్రం, వెంట వచ్చిన పెద్దల్ని గేటు దగ్గర బోండాం కొట్టించుకు రమ్మని పంపేవారు. ఆ కాసేపట్లోనే పిల్లలు నోరు విప్పేవారు.

ఒక మధ్యాహ్నం సబ్బవరం వైపు నుంచి ఒకామె తన పదిహేడేళ్ల కోడల్ని తెచ్చింది. జ్వరం, పొత్తికడుపులో నొప్పి. బోండాం మాట ఎత్తితే అత్తగారు కదల్లేదు.

"పిల్లనొగ్గేసి ఎల్తానేటి? నా ముందే అడగండి."

మేడం నన్ను ఆమెకి తోడు వెళ్లమన్నారు. డాక్టరే తోడు వస్తుంటే కాదనలేక కదిలింది. దారిలో ఆమె నా ఇంటిపేరు అడిగింది. చెప్పగానే చెప్పులు విడిచింది. ఆమె మామగారు మా తాతగారి దగ్గర పాలేరట. వేసుకోమని చెప్పి ముందుకు నడిచాను.

మేం తిరిగొచ్చేసరికి లోపల సంగతి తేలింది. సుఖవ్యాధే, లారీ నడిపే భర్త నుంచి వచ్చింది. స్లైడులోనూ అదే కనబడింది. పెన్సిలిన్ మొదలుపెట్టారు. అత్తకి మాత్రం తెలియకూడదని ఆ పిల్ల వేడుకుంది. తెలిస్తే తప్పు తనదేనని పుట్టింటికి తోలేస్తారు. కానీ భర్తకీ మందు పడకపోతే జబ్బు మళ్లీ వస్తుంది. అతనికి చెప్పడానికి పిల్ల ఒప్పుకున్నాక, కొడుకునీ పరీక్షకి తెమ్మని మేడం అత్తగారిని అడిగారు.

"నా కొడుక్కేటి? గుండ్రాయిలాగున్నాడు."

మేడం నా వైపు చూశారు. తగవులు తీర్చేటప్పటి తాతగారి గొంతు నాకు వచ్చింది. "రేపు మీవాణ్ని నా దగ్గరికి పంపు. ఎందుకని అడగకు," అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "తమరు సెప్పినాక ఇంకేటుంది బాబూ. అంపుతాను."

అతను వచ్చాడు. తలుపు వేసి మేడమే అంతా చెప్పి మందు వేశారు. తరువాత నన్ను చూసి నవ్వారు. "జమీ పోయిందంటారేటి రాజావారూ? అవసరానికి సరిపడా ఉందే."

మళ్లీ చూపించుకోవడానికి ఆ పిల్ల అత్తగారితోనే వచ్చింది.

ఇప్పుడు నా క్లినిక్‌లో పిల్లలతో మాట్లాడేది ఒక యువ డాక్టరమ్మ. బోండాంకి వెళ్లనన్న పెద్దలకు నేనే తోడు వెళతాను. ఇంటిపేరు ఎవరూ అడగరు. అయినా నడుం వంచకుండా, నెమ్మదిగా నడుస్తాను, లోపల మాట పూర్తి కావాలి కదా.