ఉడుముల డాక్టరమ్మ

పశువుల డాక్టరమ్మకి గట్టిగా మాట్లాడటం రాదు. ఆస్పత్రి వెనక మురుగుకాలువలో తిరిగే ఉడుముల్ని పట్టినప్పుడు కూడా వాటిని గుసగుసగానే బుజ్జగిస్తుంది. తోకను చంకలో ఇరికించి, మెడ ఒడిసిపట్టి, క్రిముల పరీక్షకని నోట్లో దూదిపుల్ల తిప్పి వదిలేస్తుంది. ఇంటికొచ్చాక మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటే గాని చంటిదాన్ని ఎత్తుకోదు. ఆ రోజు ల్యాబులో, ఒక ఉడుము నోట్లోంచి తీసిన క్రిములు ఏ మందు వేసినా చావలేదు. పుట్టి బుద్ధెరిగి ఒక్క మాత్ర మింగిన జీవి కాదది. ఆమె చాలాసేపు ఆ క్రిములున్న గాజుపళ్లెం వంకే చూసి ఇల్లు చేరింది. పెరట్లో అత్తగారు తన జ్వరానికి డాక్టరిచ్చిన మాత్రల్ని అట్టలోంచి ఒక్కొక్కటే ఒలిచి తూములో వేస్తోంది.

"జ్వరం తగ్గిందిగా, ఇంకా ఎందుకమ్మా?" అంది కోడల్ని చూసి.

"డాక్టరు చెప్పినన్నాళ్ళూ వేసుకోవాలి అత్తయ్యా. పారేస్తే ఆ కాలువలోకే పోతాయి. వీటికి అలవాటుపడి అక్కడి క్రిములు ఇప్పటికే ఈ మందులకి లొంగట్లేదు. రేపు చంటిదానికి జ్వరమొస్తే నేనేం మందు వెయ్యను?"

అత్తగారు నవ్వబోయి ఆగింది. చేతిలో మిగిలినవాటి మీద గుప్పిట మూసింది. "ఉడుములతో తిరిగి నీకూ ఉడుంపట్టే అబ్బింది. నీళ్ళు పట్రా," అని గొణిగి, ఒక మాత్ర మింగింది. తూములో పడ్డవి అప్పటికే కాలువ దారి పట్టాయి.