బాగా పాడిన పాటలు

నరసరావుపేటలో వినుకొండ బస్సెక్కాను. పక్క సీట్లో యాభై దాటిన ఒకావిడ అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయర్‌లో పాటలు వింటోంది. ఇంకా ఇవి వాడేవాళ్ళున్నారా అని నేను దానివైపే చూస్తుంటే, ఒక ఇయర్‌ఫోన్ తీసి నాకిచ్చింది. చర్చి పాట.

"ఎవరో గాని బాగా పాడారు పిన్నీ," అన్నాను.

"అందరూ అదే అంటారమ్మా. ఇందులో మా ఆయన పాటలుండేయి. చర్చిలో పాడతంటే మా తమ్ముడు రికార్డు చేశాడు. ఆయన పోయినాక రోజూ అయ్యే ఇనేదాన్ని. టేపురికార్డరు పోయింది, సీడీలు పోయినయ్, ఇదొక్కటే మిగిలింది. మొన్న ఇదీ ఆగిపోతే సెల్ షాపులో ఇచ్చా. షాపాయన బాగుచేసి, పాతయి సౌండు బాలేదని తీసేసి, అయ్యే పాటలు పెద్ద సింగర్లు పాడినయి ఎక్కించాడు."

"మీరేమీ అనలేదా?"

"ఏమంటాం? నాకు మేలు చేశాననుకున్నాడు."

"మరి ఇవెందుకు వింటున్నారు?"

"పైకెత్తుకుంటే మా ఆయన గొంతు చీలేది. అట్టాంటిది ఒక్కటన్నా మిగిలిందేమోనని."

ఇయర్‌ఫోన్ తిరిగివ్వబుద్ధి కాలేదు. వినుకొండ వచ్చేదాకా ఇద్దరం విన్నాం. అన్నీ బాగా పాడినవే.